గుంతల రోడ్లు - కారు బీమా: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గుంతల రోడ్ల వల్ల కారుకు కలిగే నష్టాన్ని బీమా ఎంతవరకు భరిస్తుందన్న ప్రశ్నకు పాలసీ పత్రంలో నేరుగా సమాధానం దొరకదు. రక్షణ పొందే ప్రమాదాల జాబితాలో చెడ్డ రోడ్డు ప్రస్తావన లేదు. మినహాయింపుల జాబితాలోనూ లేదు. పాలసీ రోడ్డు స్థితిని కాక, నష్టం జరిగిన తీరును పరిశీలిస్తుంది. ఒక్క క్షణంలో తగిలిన దెబ్బకు పరిహారం ఉంది, నెలల తరబడి పేరుకున్న అరుగుదలకు లేదు. ఈ విభజన వల్ల చెడ్డ రోడ్డు ఖర్చులో పెద్ద భాగం వాహన యజమాని మీదనే పడుతున్న తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మోటారు బీమా, సొంత నష్టం, అరుగుదల, పర్యవసాన నష్టం, నో క్లెయిమ్ బోనస్, రహదారి నిర్వహణ, సెక్షన్ 198ఏ.

1. ఉపోద్ఘాతం

దక్షిణ రాయలసీమ రోడ్లపై భారం విలక్షణమైనది. తిరుమల యాత్రికుల వాహనాలు ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. వేసవిలో చిత్తూరు గుజ్జు పరిశ్రమలకు మామిడి లారీలు వరుస కడతాయి. గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు, చెరకు ట్రాక్టర్లు వీటికి తోడవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు తెచ్చే వానలకు తారు పొర లేచిపోతుంది. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పరీవాహక గ్రామాలతో పాటు తిరుపతి నగర వీధులు కూడా నీట మునిగాయి. తిరుమల కనుమదారుల్లో కొండచరియలు విరిగిపడ్డాయి.

ఇక్కడి రోడ్లన్నిటికీ యజమాని ఒకరే కాదు. పూతలపట్టు నుంచి తిరుపతికి వచ్చే 140వ నంబరు దారి జాతీయ రహదారి. మండల కేంద్రాలను కలిపే దారుల్లో కొన్ని రోడ్లు-భవనాల శాఖవి, కొన్ని పంచాయతీరాజ్ శాఖవి. నగర వీధులు నగరపాలక సంస్థలవి. 1944లో, 1974లో ప్రారంభమైన రెండు తిరుమల కనుమదారుల నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానాలది. ఒకే ప్రయాణంలో కారు ముగ్గురు నలుగురు యజమానుల రోడ్లు దాటుతుంది. నష్టం జరిగినప్పుడు మాత్రం కారు యజమానికి అందుబాటులో ఉండే పత్రం ఒక్కటే, బీమా పాలసీ.

2. పాలసీ నిర్మాణం

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. అది ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించినది. గుంత తప్పించబోయి మరొకరిని ఢీకొంటే ఆ బాధితుడికి పరిహారం దీనికింద అందుతుంది. సొంత కారు మరమ్మతుకు దీనినుంచి ఒక్క రూపాయి కూడా రాదు. అందుకు సొంత నష్టం విభాగం కూడా ఉన్న సమగ్ర పాలసీ, లేదా విడిగా సొంత నష్టం పాలసీ ఉండాలి.

సొంత నష్టం విభాగపు భాషకు 2002 జూలై 1న అమల్లోకి వచ్చిన భారత మోటారు టారిఫ్ మూలం. 2007 జనవరి నుంచి ప్రీమియం ధరలపై నియంత్రణ తొలగినా పాలసీల మూల వాక్యాలు ఆ మూసలోనే సాగుతున్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుపాను, కొండచరియలు విరిగిపడడం మొదలైన కారణాలు అందులో పేరుపేరునా ఉన్నాయి. వాటితో పాటు బాహ్య కారణం వల్ల సంభవించిన ప్రమాదం అన్న అంశం ఉంది. గుంత దెబ్బకు రక్షణ దొరికేది ఈ అంశం కిందనే.

మినహాయింపుల్లో మూడు ఈ చర్చకు ముఖ్యమైనవి. మొదటిది, తరుగుదల, అరుగుదల, యాంత్రిక లేదా విద్యుత్ వైఫల్యం. రెండవది, పర్యవసాన నష్టం, అంటే అసలు ప్రమాదం తరువాత దాని ఫలితంగా ఏర్పడిన నష్టం. మూడవది, కారులో మరే భాగమూ దెబ్బతినకుండా టైరు, ట్యూబు మాత్రమే పాడవడం.

3. దెబ్బకూ అరుగుదలకూ మధ్య గీత

రాత్రివేళ నీరు నిండిన గుంతలో చక్రం పడి రిమ్ము వంగి, లోయర్ ఆర్మ్ విరిగిందనుకుందాం. ఇది ఒక సమయం, ఒక స్థలం ఉన్న ఘటన. కారణం కారు వెలుపల ఉంది. ఇది ప్రమాదమన్న నిర్వచనంలోకి వస్తుంది.

అదే కారు రెండేళ్లపాటు రోజూ గతుకుల రోడ్డుపై తిరిగినందున షాక్ అబ్జార్బర్లు కారడం, బుష్‌లు అరగడం, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం మొదలైందనుకుందాం. ఇక్కడ కూడా కారణం రోడ్డే, నష్టం కూడా నిజమే. కానీ ఫలానా రోజున ఫలానా చోట జరిగిందని చూపగల ఘటన లేదు. పాలసీ దృష్టిలో ఇది అరుగుదల. పరిహారం లేదు.

చెడ్డ రోడ్డు చేసే హానిలో చాలా భాగం రెండవ తరహాదే. ఒక్కసారిగా విరిచే గుంతల కన్నా కొద్దికొద్దిగా అరగదీసే గతుకులు ఎక్కువ. అంటే బీమా రక్షణ మొదలయ్యేది రోడ్డు హానిలో అరుదుగా కనిపించే భాగం దగ్గర. నిత్యం అనుభవంలోకి వచ్చే భాగం దాని పరిధికి వెలుపలే ఉండిపోతుంది.

4. టైరు, ఇంజిను, నిలిచిన నీరు

గుంత అంచుకు తగిలి టైరు పక్కగోడ చీలితే, రిమ్ముకు గానీ మరో భాగానికి గానీ దెబ్బ లేకపోతే, క్లెయిమ్ చెల్లదు. ఇతర భాగం కూడా అదే సమయంలో దెబ్బతింటే కొత్త టైరు ధరలో సగం వరకే సంస్థ బాధ్యత. టైరు రక్షణకు విడిగా అదనపు కవర్లు ఉన్నాయి.

ఇంజిను విషయంలో వివాదాలు ఎక్కువ. రోడ్డుపై లేచిన రాయి తగిలి ఆయిల్ సంపు పగిలిందనుకుందాం. సంపు పగలడం ప్రమాదం. నూనె కారిపోతున్నా బండిని నడిపితే ఇంజిను పట్టేస్తుంది. ఇది పర్యవసాన నష్టమన్నది బీమా సంస్థల సాధారణ వాదన. పాలసీ షరతు కూడా ఆ వాదనకు బలమిస్తుంది. ప్రమాదం తరువాత అవసరమైన మరమ్మతు చేయించకుండా కారు నడిపితే పెరిగిన నష్టమంతా పాలసీదారు బాధ్యతేనని ఆ షరతు చెబుతుంది. కాబట్టి హెచ్చరిక దీపం వెలిగిన వెంటనే ఇంజిను ఆపి, బండిని మరో వాహనంతో తరలించడమే మార్గం.

నిలిచిన నీటికీ ఇదే తర్కం. తిరుపతిలో వెస్ట్ చర్చి సమీపంలోని రైల్వే అండర్ బ్రిడ్జి వంటి పల్లపు చోట్ల వానకు నీరు చేరుతుంది. వరద పాలసీలో పేరున్న ప్రమాదమే. సీట్లు, వైరింగ్ తడిసి పాడైతే పరిహారం ఉంటుంది. నీటిలో ఆగిన ఇంజినును మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగితే మాత్రం క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే అవకాశం ఎక్కువ. ఈ లోటును పూడ్చేది ఇంజిను రక్షణ కవరు. వానల కాలంలో ఈ ప్రాంతపు పల్లపు దారుల్లో తిరిగే కారుకు అది విలాసం కాదు.

5. చేతికి అందేది ఎంత?

పరిహారం మంజూరైనా బిల్లు మొత్తం రాదు. లోహ భాగాలపై కారు వయసును బట్టి తరుగుదల కోస్తారు. ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10 శాతం, మూడేళ్ల లోపు 15 శాతం. ఐదు నుంచి పదేళ్ల మధ్య ఇది 40 శాతానికి చేరుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు వయసుతో నిమిత్తం లేకుండా 50 శాతం. గాజుకు కోత లేదు. ఆపై 1500 సీసీ వరకు ఉన్న కార్లకు రూ.1,000, అంతకు మించిన వాటికి రూ.2,000 తప్పనిసరి మినహాయింపు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మూడవ ఏడాది నడుస్తున్న 1200 సీసీ కారుకు గుంత దెబ్బ తగిలింది. లోహ భాగాలకు రూ.14,000, టైరుకు రూ.6,000, కూలికి రూ.3,000, మొత్తం బిల్లు రూ.23,000. లోహ భాగాలకు రూ.11,900, టైరుకు రూ.3,000, కూలికి రూ.3,000 లెక్కించి, అందులోంచి రూ.1,000 తీసివేస్తే చేతికి అందేది రూ.16,900. యజమాని వాటా రూ.6,100.

లెక్క ఇక్కడితో ముగియదు. క్లెయిమ్ లేని ఏళ్లకు సొంత నష్టం ప్రీమియంపై వరుసగా 20, 25, 35, 45, 50 శాతం నో క్లెయిమ్ బోనస్ లభిస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడిపోతుంది. పై ఉదాహరణలో బోనస్‌కు ముందు ప్రీమియం ఏటా రూ.8,000గా స్థిరంగా ఉంటుందనుకుంటే, తదుపరి ఐదేళ్లలో కోల్పోయే రాయితీ వరుసగా 35, 25, 25, 15, 5 శాతం. మొత్తం రూ.8,400. అంటే నికర ప్రయోజనం రూ.8,500 మాత్రమే. అందవలసిన పరిహారం రూ.8,400 కన్నా తక్కువైతే క్లెయిమ్ చేయడమే నష్టం. తరుగుదల కోతను తొలగించే జీరో డిప్రిసియేషన్ కవరు, బోనస్ రక్షణ కవరు ఈ లెక్కను మారుస్తాయి. అయితే వాటికీ ప్రీమియం చెల్లించేది యజమానే.

ఈ లెక్క తెలిసిన యజమానులు చిన్న నష్టాలను సొంత జేబులోంచే భరిస్తారు. అందువల్ల గుంతల నష్టంలో కొంత భాగం ఏ బీమా లెక్కలోనూ నమోదు కాదు.

6. సర్వే, సాక్ష్యం, వివాద పరిష్కారం

నష్టం జరిగిన వెంటనే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం పాలసీ షరతు. రూ.50,000, ఆపైన ఉన్న మోటారు నష్టాలను లైసెన్సు పొందిన సర్వేయరు అంచనా వేయాలి. దెబ్బ తాజాదా, పాత అరుగుదలా అన్నది తేల్చడం సర్వేలో కీలకాంశం. కాబట్టి సర్వేకు ముందే బండి విప్పించడం క్లెయిమ్‌ను బలహీనపరుస్తుంది. గుంత, చక్రం, పరిసరాలు కనిపించే ఫోటోలు, తేదీ, సమయం, స్థలం వివరాలు, బండి తరలింపు రసీదు, క్రమం తప్పని సర్వీసింగ్ రికార్డు పాలసీదారుకు అండ.

తెలియజేయడంలో జాప్యాన్ని యాంత్రికంగా తిరస్కరణకు కారణం చేయరాదని, ఒక వాహన చౌర్యం కేసులో 2017లో సుప్రీంకోర్టు పేర్కొంది. తిరస్కరణ అన్యాయమనిపిస్తే మొదట సంస్థకే ఫిర్యాదు చేయాలి. నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కమిషన్ ముందు రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

7. రోడ్డు యజమాని బాధ్యత

పరిహారం చెల్లించిన సంస్థకు పాలసీదారు స్థానంలో నిలిచి నష్టకారకుల నుంచి వసూలు చేసుకునే హక్కు ఉంది. దానినే సబ్రొగేషన్ అంటారు. 2010లో సుప్రీంకోర్టు దీని స్వరూపాన్ని విపులంగా వివరించింది. సిద్ధాంతరీత్యా ఈ హక్కు రోడ్డు నిర్వాహకుడి దాకా వెళ్లవచ్చు. అందుకు నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. ఢిల్లీలో గడియార స్తంభం కూలిన కేసులో 1966లో నగరపాలక సంస్థ బాధ్యతను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రోడ్డు పక్క చెట్టు కూలిన రాజ్‌కోట్ కేసులో 1997లో అదే కోర్టు బాధ్యతను అంగీకరించలేదు. ప్రజా సంస్థల బాధ్యత ఎక్కడ మొదలవుతుందన్నది కేసు వాస్తవాలపై ఆధారపడుతుందని ఈ రెండు తీర్పులు చూపుతాయి.

2013 నుంచి 2017 వరకు గుంతల వల్ల 14,926 మంది మరణించారన్న లెక్కపై 2018లో సుప్రీంకోర్టు తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చేరింది. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలను పాటించని అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇందులో రెండు పరిమితులు ఉన్నాయి. ప్రమాణాల ఉల్లంఘన వల్ల మరణం లేదా అంగవైకల్యం సంభవించినప్పుడే ఈ శిక్ష వర్తిస్తుంది. జరిమానా వెళ్లేది బాధితుడికి కాదు, మోటారు వాహన ప్రమాద నిధికి. కారు దెబ్బతినడం మాత్రమే జరిగితే ఈ సెక్షన్ మౌనం వహిస్తుంది.

అయినా ఈ సెక్షన్‌లో ఒక ఉపయోగకరమైన ప్రమాణం ఉంది. రోడ్డు ప్రమాదకరంగా ఉందని నిర్వాహకుడికి తెలుసా, తెలిసి ఉండే అవకాశం ఉందా, హెచ్చరిక బోర్డు పెట్టారా అన్నవి న్యాయస్థానం చూడాలి. గుంత గురించి ముందే చేసిన రాతపూర్వక ఫిర్యాదు ఈ తెలిసి ఉండడానికి సాక్ష్యమవుతుంది. సివిల్ దావాలోనూ అదే నిర్లక్ష్యానికి ఆధారం కాగలదు.

8. ముగింపు

గుంత దెబ్బకు బీమా ఉంది. అయితే అది ఘటనకే, స్థితికి కాదు. ఆకస్మికమైన బాహ్య దెబ్బకు తరుగుదల, తప్పనిసరి మినహాయింపు, బోనస్ నష్టం పోగా మిగిలినది దక్కుతుంది. క్రమంగా జరిగే అరుగుదలకు ఏమీ దక్కదు. వాహన పన్ను, టోల్, ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో లీటరుకు రూపాయి చొప్పున విధించిన రహదారి అభివృద్ధి సెస్సు రూపంలో రోడ్డుకు డబ్బు చెల్లించేది వాహనదారుడే. ఆ రోడ్డు పాడైతే మరమ్మతు బిల్లు చెల్లించేదీ అతడే.

బీమా ఈ అసమతుల్యతను కొంత తగ్గించగలదే తప్ప తొలగించలేదు, ఎందుకంటే అది పాలసీదారులు తమ సొంత ప్రీమియంతో కూడబెట్టుకున్న నిధి. కేవల వాహన నష్టానికి కూడా రోడ్డు నిర్వాహకుడిని జవాబుదారీ చేసే సులభమైన చట్టబద్ధ మార్గం ఏర్పడాలి. అంతవరకు పాలసీదారు చేయగలిగినవి మూడు: దారికి తగిన అదనపు కవర్లు ఎంచుకోవడం, దెబ్బ తగిలిన చోటే బండి ఆపి సాక్ష్యం భద్రపరచడం, గుంత కనబడినప్పుడే ఆ రోడ్డు యజమానికి రాతపూర్వకంగా తెలియజేయడం.