శివాలెత్తే బాణం గుర్తు

హైదరాబాద్‌లో సనత్‌నగర్ నుంచి ఎర్రగడ్డ, ఎస్‌.ఆర్‌.నగర్ మీదుగా అమీర్‌పేట దాకా లాప్‌టాప్ రిపేరు బోర్డులకు కొదవ లేదు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్నచోట లాప్‌టాప్‌లు ఉంటాయి. లాప్‌టాప్‌లు ఉన్నచోట రిపేర్లూ ఉంటాయి. తెర మీది బాణం తనంతట తాను గంతులేస్తోందని తీసుకెళ్తే చాలాచోట్ల వినపడే మొదటి మాట, "వైరస్ అయ్యుంటుంది, విండోస్ మళ్లీ వేయాలి" అని. అప్పుడే తలూపకండి. ఈ రోగానికి మూలం ఎక్కువసార్లు సాఫ్ట్‌వేర్‌కి బయటే ఉంటుంది. గోడలోని ప్లగ్గు, చేతి తడి, బల్ల నునుపు, పక్క పోర్టులో పెట్టిన హార్డ్‌డిస్క్... అనుమానితులు వీళ్లే. ముందుగా ఛార్జర్ పీకి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

ఛార్జర్ పీకితే కుదుటపడే జబ్బు

ఛార్జింగ్ పెట్టినప్పుడే బాణం వణుకుతూ, తీయగానే బుద్ధిమంతురాలైపోతే తప్పు ఎక్కువసార్లు లాప్‌టాప్‌ది కాదు, ఎర్తింగ్‌ది. ఛార్జర్ లోపల 230 వోల్టుల వైపుకీ లాప్‌టాప్ వైపుకీ మధ్య చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. విద్యుత్ రొదను అణచడం దాని పని. ఆ దారిన రవ్వంత కరెంటు అటు నుంచి ఇటు జారుతుంది. ఎర్త్ వైరు ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే లాప్‌టాప్ బాడీ మీదే తచ్చాడుతుంది. మెటల్ బాడీ మీద మునివేళ్లు మెల్లగా జరిపితే గరగరమన్నట్టు, జిల్లుమన్నట్టు ఉండేది అదే. అప్పుడు మీటరు పెడితే వంద వోల్టులు కూడా చూపించవచ్చు. కంగారు పడనక్కర్లేదు, కరెంటు మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతే.

మన వేలికి ఆ కరెంటు ఓ గిలిగింత. టచ్‌ప్యాడ్‌కి మాత్రం పెద్ద చిక్కు. వేలు ఎక్కడుందో అది తన సొంత గ్రౌండ్‌తో పోల్చి కొలుచుకుంటుంది. ఆ గ్రౌండే ఊగుతుంటే, లేని వేలు ఉన్నట్టూ, ఒక్క వేలు రెండైనట్టూ లెక్కేసుకుంటుంది. బాణం గంతులేస్తుంది.

మన త్రీ పిన్ ప్లగ్గులో పైనున్న పిన్ను మిగతా రెండింటికంటే లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో గమనించారా? అది ఎర్త్ పిన్. కరెంటు తగిలేలోపే నేలతో సంబంధం కుదరాలని, పీకేటప్పుడు ఆ సంబంధం అన్నిటికన్నా ఆఖరున తెగాలని ఆ పొడుగు. బ్రిటిష్ కాలపు ప్లగ్గు నుంచి మనకు వారసత్వంగా వచ్చిన తెలివి ఇది. హాస్టల్ గదిలో మనం చేసేదేమిటంటే, ఆ త్రీ పిన్ ప్లగ్గుకి ఇరవై రూపాయల టూ పిన్ కన్వర్టర్ తగిలించి జంక్షన్ బాక్సులో గుచ్చడం. ఒక్క దెబ్బకు ఆ తెలివంతా గాలికి.

ఎర్త్ లేకపోతే జిల్లుమనేది లాప్‌టాప్ ఒక్కటే కాదు, ఫ్రిజ్ కూడా. సనత్‌నగర్ అంటే పాతవాళ్లకు ఆల్విన్ ఫ్రిజ్ గుర్తొస్తుంది. 1942లో నిజాం కాలంలో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, తర్వాత చేతి గడియారాలు కూడా చేసింది. ఏ కంపెనీ ఫ్రిజ్ అయినా సరే, తడి చేత్తో తలుపు తెరిస్తే జిల్లుమన్న ఇంట్లో ఎలక్ట్రీషియన్ మొదట చూసేది ఎర్త్ వైరే. లాప్‌టాప్ విషయంలో ఆ పని ఎవరికీ తట్టదు. హైదరాబాద్ నిలబడ్డది గ్రానైట్ రాతి మీద. పైగా ఎండాకాలంలో నేల ఎండిపోయి కరెంటుకు దారి ఇవ్వదు. అపార్టుమెంట్లలో ఎర్త్ పిట్‌కి ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీళ్లు పోయడం అందుకే. అయితే లాప్‌టాప్ గిలిగింతకు అంత గొప్ప ఎర్త్ అక్కర్లేదు. గోడలో వైరు తెగకుండా ఉంటే చాలు. చాలా పాత పోర్షన్లలో అసలు వైరే ఉండదు, సాకెట్‌లో మూడో కన్నం అలంకారానికి. అది వేరే కథ, ఓనరుతో తేల్చుకోవాల్సిన కథ.

అరటిపండుకు లొంగుతుంది, పెన్సిలుకు లొంగదు

టచ్‌ప్యాడ్‌ని అరటిపండు కొనతో రాసి చూడండి, బాణం కదులుతుంది. పెన్సిలు చెక్కతో రాస్తే కదలదు. దానికి ఒత్తిడితో పనిలేదు, కరెంటును మోయగల తడి పదార్థం కావాలి. మనమూ అరటిపండూ ఆ లెక్కన ఒకే జాతి. ప్లాస్టిక్ పొర కింద సన్నటి లోహపు గీతల వల ఉంటుంది. వేలు దగ్గరకు రాగానే ఆ గీతల్లో నిలిచే విద్యుదావేశం పిసరంత మారుతుంది. సెకనుకు ఇంచుమించు వందసార్లు ఆ వలంతా తడిమి చూసుకోవడమే టచ్‌ప్యాడ్ ఉద్యోగం.

అందుకే నూనె చెయ్యి కంటే తడి చెయ్యి పెద్ద ప్రమాదం. విద్యుత్ క్షేత్రాన్ని పట్టి నిలపడంలో నీటి అంకె 80 దాకా ఉంటే, వంటనూనెలది 3 దగ్గర ఆగిపోతుంది. మిరపకాయ బజ్జీ తిన్న వేళ్లకన్నా, చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండా వచ్చిన వేళ్లకే బాణం ఎక్కువ బెదురుతుంది. బజ్జీ నూనెను వెనకేసుకు రావడం లేదు. దానికి దుమ్ము అంటుకుని, చెమట ఉప్పు కలిసి, నాలుగు వారాల్లో ప్యాడ్ మీద కనపడని పూత ఏర్పడుతుంది. కరెంటు ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసిన మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

టచ్‌ప్యాడ్‌లకు పేరుమోసిన సినాప్టిక్స్ కంపెనీ పుట్టింది టచ్‌ప్యాడ్‌ల కోసం కాదు. ఇంటెల్ తొలి మైక్రోప్రాసెసర్ 4004 రూపకర్తల్లో ఒకరైన ఫెదెరికో ఫాజిన్, శాస్త్రవేత్త కార్వర్ మీడ్ కలిసి 1986లో దాన్ని పెట్టింది మెదడు తరహాలో ఆలోచించే చిప్‌ల కోసం. అవి ఆ రోజుల్లో అమ్ముడుపోయే సరుకు కాదు. 1990ల్లో కంపెనీ టచ్‌ప్యాడ్‌ల వైపు మళ్లింది. ఆపిల్ పవర్‌బుక్ 500 లాప్‌టాప్‌లు ట్రాక్‌ప్యాడ్‌తో బజారుకొచ్చింది 1994లో.

టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టుందా? నొక్కితే క్లిక్ పడటం లేదా? ఇక తుడవడాలు, సెట్టింగులు కట్టిపెట్టి లాప్‌టాప్ ఆపేయండి. చాలా మోడళ్లలో బ్యాటరీ ఉండేది సరిగ్గా దాని కిందే. లిథియం బ్యాటరీ వేడికి, వయసుకు లోపల గ్యాసు చేరి ఉబ్బుతుంది, ప్యాడ్‌ని కిందనుంచి తోస్తుంది. మే నెలలో మంచం మీద, దుప్పటి మీద పెట్టి నడిపే లాప్‌టాప్‌లకు ఈ గతి తొందరగా పడుతుంది. ఉబ్బిన దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఇక్కడ మాత్రం రిపేరు షాపుకు వెళ్లాల్సిందే, బేరం కూడా ఆడొద్దు.

టైపు చేస్తుంటే ఉన్నట్టుండి అక్షరాలు పై లైనులో పడటం మరో తంటా. అది బొటనవేలి మొదలు ప్యాడ్‌కి తగలడం వల్ల. విండోస్‌లో టచ్‌ప్యాడ్ సున్నితత్వాన్ని తగ్గిస్తే సగం ఉపశమనం. మౌస్ తగిలించినప్పుడు టచ్‌ప్యాడ్ ఆగిపోయేలా పెట్టుకుంటే మిగతా సగం.

తెలుగులో టైపు చేసేవాళ్లకు ఇంకో అనుమానం కూడా వస్తుంటుంది. "స్త్రీ" అని కొట్టి బాణం మీట నొక్కితే చాలా ప్రోగ్రాముల్లో కర్సర్ ఒక్క గెంతులో అక్షరమంతా దాటేస్తుంది. బ్యాక్‌స్పేస్ కొడితే మాత్రం ఒక్కో ముక్కే ఊడుతుంది. లోపమేమీ లేదు. కంటికి ఒక్కటిగా కనిపించే ఆ అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం.

కింద కూర్చున్న కెమెరా

ఆప్టికల్ మౌస్ నిజానికి ఓ బుల్లి కెమెరా. పాత రకం సెన్సర్‌లో బొమ్మ 18 అడ్డం, 18 నిలువు చుక్కలే. కానీ అలాంటివి సెకనుకు 1500 తీస్తుంది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ బల్ల గరుకుతనం ఎటు జరిగిందో చూసి, తాను ఎటు కదిలిందో తేల్చుకుంటుంది. ఆ రంధ్రంలో తల వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా ఆ కెమెరాకు అది తాడంత. మౌస్ కదలకపోయినా బాణం గజగజలాడుతుంది. తిరగేసి ఉఫ్‌మని ఊదితే వందల రూపాయల కొత్త మౌస్ ఖర్చు తప్పిన సందర్భాలు బోలెడు.

గాజు బల్ల, పాలిష్ పట్టిన గ్రానైట్ గట్టు దానికి శూన్యాలు. పట్టుకోవడానికి గరుకే దొరకదు. ఓ తెల్ల కాగితం పరిస్తే సరి. మన కంటికి బోసిగా కనిపించే కాగితంలో ఏటవాలుగా పడే ఎర్రకాంతికి పీచంతా కొండలూ లోయలై కనిపిస్తుంది. గాజు మీదా నడిచే డార్క్‌ఫీల్డ్ మౌస్‌లను లాజిటెక్ 2009లో తెచ్చింది, గాజు మందం కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలన్న షరతుతో.

వై2కే జోరులో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్ నేర్చుకున్న తరానికి ఈ రోగం ఇంకోలా తెలుసు. అప్పుడు మౌస్ కడుపులో రబ్బరు పూసిన బంతి ఉండేది, దాన్ని ఆనుకుని రెండు రోలర్లు. ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. బాణం పక్కలకు పోతూ పైకి కిందికి మొరాయిస్తే ఏ రోలర్‌కి మట్టి పట్టిందో విప్పకుండానే చెప్పేయొచ్చు. గోటితో గీకితే నల్లటి చుట్ట ఊడొచ్చేది. అంత నికరంగా లోపం చెప్పే పరికరం మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

అసలు మొదటి మౌసే నున్నగా నడిచేది కాదు. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహను బిల్ ఇంగ్లిష్ చెక్క డబ్బాగా మలిచాడు. కింద ఒకదానికొకటి అడ్డంగా రెండు చక్రాలు. ఒకటి దొర్లుతుంటే రెండోది ఈడ్చుకుంటూ రావాల్సిందే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ముందు చూపించారు, 1970లో పేటెంటు వచ్చింది. తెర మీద బాణం అప్పట్లో నిటారుగా ఉండేది. పక్కకు వాలింది జిరాక్స్ పార్క్ ప్రయోగశాలలో. ఆనాటి తెరల్లో చుక్కలు తక్కువ కావడంతో నిటారు బాణం కంటికి ఆనేది కాదు.

గాలిలో గొడవ

వైర్‌లెస్ మౌస్ అప్పుడప్పుడూ ఆగి ఆగి గెంతుతోందంటే పక్కనున్న నీలిరంగు యూఎస్‌బీ పోర్టును అనుమానించండి. యూఎస్‌బీ 3 తగిలించిన హార్డ్‌డిస్క్ పనిచేసేటప్పుడు వెదజల్లే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే మౌస్ మాట్లాడే చోట పడుతుంది. ఇది ఎవరో గిట్టనివాళ్లు చెప్పిన మాట కాదు, 2012లో ఇంటెల్ స్వయంగా పత్రం రాసి ఒప్పుకుంది. మౌస్ సంకేతాన్ని అందుకునే డాంగుల్‌ని అవతలి పక్కకు మార్చడమో, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపడమో చేస్తే చాలు. అంతస్తుకు పది వై-ఫైలు ఉన్న హాస్టల్ అయితే అదే బ్యాండ్‌లో అవీ కూస్తుంటాయి.

ఇంకో తమాషా. డాంగుల్ లాప్‌టాప్‌కే ఉండిపోయి, ఆపకుండా మౌస్‌ని బ్యాగులో పడేస్తే, బ్యాగు కదిలినప్పుడల్లా బాణమూ కదులుతుంది. దయ్యం అనుకున్న కేసుల్లో కొన్ని ఇవే.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికే పాత థింక్‌ప్యాడ్‌లకు కీబోర్డు నడుమ ఎర్ర బొడిపె ఉంటుంది. చాలాసేపు ఒకవైపు నొక్కిపట్టి వదిలితే బాణం దానంతటదే మెల్లగా ఒక దిక్కుకు జారిపోతుంది. నొక్కి పట్టిన స్థితినే అది 'మధ్య' అనుకుంది, అంతే. కొన్ని సెకన్లు ముట్టుకోకుండా వదిలేస్తే తనను తాను సరిచేసుకుంటుంది. చాలామంది అప్పుడే ఎదురు తోస్తారు, అది మరింత తికమకపడుతుంది.

దొంగ చెయ్యా, తడి చెయ్యా?

వణికే బాణం హ్యాకర్ పని కాదు. హ్యాకర్ చెయ్యి వణకదు. బాణం నింపాదిగా వెళ్లి ఫైలు తెరుస్తోందంటే, బ్రౌజర్‌లో బ్యాంకు పేజీ వెతుకుతోందంటే భయపడాలి. ఫోన్లో ఎవరో చెప్పగా రిమోట్ యాప్ వేసుకున్నవాళ్లకు జరిగేది అదే. వెంటనే నెట్ ఆపేసి, డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. మౌస్ రేడియో ద్వారానే చొరబడే దారీ ఉంది. కొన్ని వైర్‌లెస్ మౌస్‌ల సంకేతాలకు తాళం లేదని, దూరం నుంచే దొంగ ఆదేశాలు పంపొచ్చని 2016లో బాస్టిల్ పరిశోధకులు మౌస్‌జాక్ పేరుతో బయటపెట్టారు.

సాఫ్ట్‌వేర్ అసలు తప్పే చేయదని కాదు. అప్‌డేట్ వచ్చిన మర్నాడే మొదలైతే టచ్‌ప్యాడ్ డ్రైవర్‌ని పాతదానికి మార్చి చూడొచ్చు. తేల్చుకునే దారి ఒకటుంది. విండోస్ మొదలవకముందే వచ్చే బయోస్ తెరలోకి వెళ్లండి. ఈమధ్య మోడళ్లలో అక్కడా బాణం కనిపిస్తుంది. అక్కడ కూడా గంతులేస్తే విండోస్ నిర్దోషి. షాపాయన మళ్లీ వేస్తానంటే ఈ తెర చూపించి అడగండి.

బాణం కదలాలని డబ్బు పెట్టేవాళ్లూ ఉన్నారు. మౌస్ జిగ్లర్ అని అమ్ముతారు. ఇంట్లో కూర్చుని పనిచేసే ఉద్యోగి కునుకు తీస్తున్నా తెర ఆరిపోకుండా మౌస్‌ని కదుపుతూ ఉంటుంది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగులను, కీబోర్డు కదలికలను కృత్రిమంగా సృష్టించి పనిచేస్తున్నట్టు నమ్మించారంటూ తీసేసింది. జిగ్లర్ కొనకుండానే ఆప్టికల్ మౌస్‌ని ముళ్లున్న చేతి గడియారం మీద బోర్లించేవాళ్లూ ఉన్నారు. సెకన్ల ముల్లు కిందనుంచి వెళ్లినప్పుడల్లా కెమెరా మోసపోయి బాణాన్ని జరుపుతుంది. మామూలు డిజిటల్ గడియారం ఇందుకు పనికిరాదు, తిరిగే ముల్లు ఉండదు కాబట్టి.