బడులు తెరుస్తున్నారు, పిల్లల్ని పంపాలా? తమిళనాడు తెలుగు ఇళ్లకు ఒక మాట

తమిళనాడులో 2021 నవంబర్ 1, సోమవారం నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బడులు తెరుస్తున్నారు. పెద్ద తరగతులు సెప్టెంబర్ 1నే మొదలయ్యాయి. చిన్న తరగతులు మాత్రం 2020 మార్చిలో మూతపడ్డాక ఇప్పటిదాకా తెరుచుకోలేదు. టీకా లేని పిల్లల్ని ఎలా పంపుతామని కొందరు, ఇంకెన్నాళ్లు ఇంట్లో కూర్చోబెడతామని కొందరు సంఘానికి వచ్చి అడుగుతున్నారు. హాజరు తప్పనిసరి కాదని ప్రభుత్వం చెప్పింది కనుక నిర్ణయం తల్లిదండ్రులదే. పంపడమే మేలని మా అభిప్రాయం. కారణాలు చెబుతాం.

భయం సంగతి

భయం ఉత్తది కాదు. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ చూసినవారెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. అయితే ఐసీఎంఆర్ జూన్, జులైలలో దేశమంతటా చేసిన నాలుగో సీరో సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం, 10 నుంచి 17 ఏళ్లవారిలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. అంటే చిన్న బడులు మూసి ఉన్న రోజుల్లోనే సగానికి పైగా పిల్లలకు వైరస్ సోకి పోయింది. బడికి తాళం వేసినంత మాత్రాన అది గడప బయట ఆగలేదు. పిల్లల్లో జబ్బు ముదరడం పెద్దల్లో కంటే చాలా తక్కువ. అందుకే ఐసీఎంఆర్ అధిపతి డాక్టర్ బలరాం భార్గవ జులైలోనే, తెరిచేటప్పుడు ప్రాథమిక తరగతులతో మొదలుపెట్టవచ్చని, ఉపాధ్యాయులు, సిబ్బంది ముందు టీకా వేసుకోవాలని అన్నారు.

అసలు ముప్పు ఇంట్లో ఉన్న అవ్వాతాతలకు. వాళ్లకు రెండు డోసులూ పడ్డాయా లేదా అన్నది ముందు చూసుకోండి.

నష్టం సంగతి

ఆగస్టులో ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేదింటి పిల్లల్ని కలిసి సర్వే చేశారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ పాఠాలు వింటున్నవారు 8 శాతమే. అసలు చదువే లేనివారు 37 శాతం.

ఇది అందరి పిల్లల నష్టం. మన పిల్లలకు ఇంకొకటి ఉంది. ఇంట్లో తెలుగు మాట వస్తుంది, తెలుగు అక్షరం బడిలోనే వస్తుంది. అమ్మానాన్నల్లో చాలామంది తమిళంలోనో ఇంగ్లీషులోనో చదివినవాళ్లు. తమిళం చదవగలిగిన పిల్లవాడు ఆ ఊతంతో తెలుగు చదవలేడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఒత్తులు లేవు, హల్లు మీద చుక్క పెడితే సరిపోతుంది. 'అమ్మ', 'అక్క' అని రోజూ పిలిచే పిల్లకు ఆ కింద ఒత్తు ఎలా పెట్టాలో పలక మీద చేయి పట్టి దిద్దించేవాళ్లు కావాలి. ఫోను ఆ పని చేయదు. కర్ణాటకలో ఉన్న మనవాళ్లకు కన్నడ లిపి దగ్గరిది కనుక కొంత సులువు. ఇక్కడ ఆ వీలు లేదు.

గుణింతాలు, ఒత్తులు వచ్చేది ఒకటి, రెండు తరగతుల్లో. 2020లో ఒకటిలో చేరిన పిల్ల ఈరోజు రెండులో ఉంది, ఇంతవరకు బడిలో కూర్చోలేదు. అప్పుడు రెండులో ఉన్నవాడు ఇప్పుడు మూడులో ఉన్నాడు. 2006 చట్టం వల్ల తమిళం తప్పనిసరి పాఠం. పోయిన పాఠాలు పూడ్చే తొందరలో తెలుగు పీరియడే ముందు తగ్గుతుందేమోనని మా బెంగ.

మనం చేయవలసినవి

1. మాస్కు కట్టి, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. జ్వరం, దగ్గు ఉన్న రోజు పంపకండి.

2. మొదటి వారంలోనే వెళ్లి తెలుగు ఉపాధ్యాయులు వస్తున్నారా, తెలుగుకు వారానికి ఎన్ని పీరియడ్లు ఇచ్చారు అని అడగండి. తెలుగు విభాగంలో పిల్లలు తగ్గితే పోస్టు నిలవదు. కనుక తొందరపడి టీసీ తీసుకోకండి.

3. అక్టోబర్ 27న ముఖ్యమంత్రి స్టాలిన్ మరక్కాణంలో 'ఇల్లం తేడి కల్వి' పథకం ప్రారంభించారు. సాయంత్రం పూట స్వచ్ఛంద సేవకులు ఇళ్ల దగ్గరే చదువు చెబుతారు. మొదటి విడత 12 జిల్లాల్లో కృష్ణగిరి కూడా ఉంది. హోసూరు, తళి, వేపనపల్లి వైపు తెలుగు చదవను, రాయను వచ్చిన మన యువకులు, ఆడపిల్లలు పేర్లు ఇవ్వాలి.

4. తెలుగు వచ్చిన అవ్వాతాతలు రోజూ అరగంట పలక పట్టించండి.

ఎక్కడైనా తెలుగు తరగతి మొదలుకాకపోతే ప్రధానోపాధ్యాయులకు అర్జీ రాసి ఇవ్వండి. తేదీ వేయండి, అందినట్టు సంతకం తీసుకోండి, ఒక నకలు సంఘానికి పంపండి. నోటిమాటకు ఏ ఆఫీసులోనూ ఫైలు ఉండదు. కాగితం చేతిలో ఉంటే పై అధికారుల దగ్గరకు మేము తీసుకెళ్తాం.