రోడ్డు మర్యాద – మన బిడ్డల క్షేమము

ఇంటిలో పెద్దలయెడ ఒక మర్యాద కలదు. సభలో కూర్చుండుట కొక మర్యాద కలదు. అట్లే రోడ్డుపై నడచుటకును, బండి నడపుటకును ఒక మర్యాద కలదు. ఇంట మర్యాద తప్పినవాడు మాట పడును. సభలో తప్పినవాడు నవ్వులపాలగును. రోడ్డుపై తప్పినచో ప్రాణమే పోవును. అదియును తప్పినవాని ప్రాణమే పోవునన్న నియమము లేదు. ఏ పాపము నెరుగని బాటసారియు, బడికి పోవు పసివాడును దానికి బలి కావచ్చును. కావుననే ఈ విషయమును మన పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రుల సన్నిధిని విన్నవింపదలచితిని.

మన మేల్పాడి పొన్నై యేటి యొడ్డున నున్న ప్రాచీన గ్రామము. రాజరాజ చోళుడు తన పితామహుడైన అరింజయుని స్మృత్యర్థము ఇచట నొక శివాలయమును కట్టించెను. ఆ కాలమున ఈ త్రోవలలో నడచినవి ఎడ్లబండ్లును గుఱ్ఱములును మాత్రమే. నేడు మన చుట్టును మూడు జాతీయ రహదారులు పోవుచున్నవి. చెన్నై బెంగుళూరుల మధ్య రాణిపేట, వేలూరుల మీదుగా పోవునది 48వ సంఖ్య గలది. బెంగుళూరు వైపునుండి వెంకటగిరికోట, పేర్ణాంబట్టు, గుడియాత్తముల మీదుగా వేలూరు చేరునది 75వది. చిత్తూరునుండి రాణిపేటకు వచ్చునది 40వది. రాష్ట్రములు వేరైనను రోడ్లు వేరు కాలేదు. మన బంధువులు చిత్తూరున నుందురు; మన మ్రొక్కుబడులు తిరుపతిలోను కాణిపాకములోను నుండును; మన వ్యాపారము గుడియాత్తముననో వేలూరుననో జరుగును. రోడ్డు లేనిదే మనకు దినము గడవదు. దినమును గడపునట్టి ఆ రోడ్డు ప్రాణమును తీయకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

మోటారువలన కలుగు ప్రమాదము మోటారంత పాతది. 1896వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ పేలెస్ ఆవరణమున బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ మోటారుబండి తగిలి మరణించెను. బ్రిటను దేశమున పెట్రోలు కారువలన మరణించిన తొలి బాటసారి యామెయే. ఆ బండి మనుష్యుడు నడచు వేగమునకు కొంచెము మించిన వేగమున మాత్రమే పోవుచుండెనట. ఈ సంగతిని వినినవారు నేటి రోడ్లను తలంచుకొని దిగులు చెందక మానరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖవారి లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది చనిపోయిరి. వారిలో 32,825 మంది కాలినడకను పోవువారు. హెల్మెట్టు లేక ద్విచక్రవాహనములపై పోయి మరణించినవారు 50,029 మంది. మన తమిళనాడున ఆ యేట 17,884 మంది మరణించిరి. ప్రమాదముల సంఖ్యలో ఆ సంవత్సరమున మన రాష్ట్రమే దేశమున ప్రథమస్థానము నందినది. ఇది గర్వింపదగిన ప్రథమస్థానము కాదు.

ఇట్టి మరణములకు పెక్కు కారణములున్నను, వానిలో మొదటిది అతివేగము. వేగమువలని హాని యేపాటిదో ఎనిమిదవ తరగతి బాలుడు లెక్కకట్టి చెప్పగలడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో సుమారు 11 మీటర్లు పోవును. ఎదుట నేదో యడ్డము వచ్చినదని కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుపై పడుటకు సుమారొక సెకండు పట్టును. ఆ లోపల బండి 11 మీటర్లు ముందుకు పోయియే యుండును. బ్రేకు పట్టిన పిమ్మట పొడిరోడ్డుపై మరి 9 మీటర్లు పోయి ఆగును. మొత్తము 20 మీటర్లు. ఇక వేగమును రెట్టింపు చేసి 80 కిలోమీటర్లుగా నుంచుకొందము. బ్రేకుపై కాలు పడులోపల 22 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన తరువాతి దూరము రెట్టింపు కాదు, నాలుగింతలగును. అనగా 36 మీటర్లు. మొత్తము 58 మీటర్లు. వేగము రెండింతలైనచో ఆగు దూరము దాదాపు మూడింత లగుచున్నది. వానలో తడిసిన రోడ్డుపై ఇది యింకను పెరుగును. ఊరిలో ఇరువది మీటర్ల దూరమున ఒక బిడ్డ బంతి వెంట రోడ్డుపైకి పరుగిడినచో, 40 వేగమున పోవువాడు ఆపగలడు; 80 వేగమున పోవువాడు, ఎంతటి నేర్పరి యైనను, ఆపజాలడు. "నాకు బండి బాగుగ చేతనగు" నని చెప్పుకొనువారు ఈ లెక్కను మరువరాదు. నేర్పు మన చేతిలోనిదే గాని, ఈ దూరము ప్రకృతి ధర్మమునకు లోబడినది.

రెండవ విషయము శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు. ఇది పోలీసువారి కొరకు పెట్టుకొను వస్తువని మనలో ననేకులు తలంచుచున్నారు. దీని చరిత్ర వినదగినది. అరేబియా యుద్ధములో ప్రసిద్ధి చెందిన లారెన్సు అను ఆంగ్లేయుడు 1935వ సంవత్సరము మే నెలలో మోటారు సైకిలుపై పోవుచు, ఎదుట సైకిళ్ళపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు దినములకు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యు డొకడు. అతడు ఈ మరణముచే కదలి, మోటారు సైకిలు నడపువారి తలగాయములను పరిశోధించి, శిరస్త్రాణము ప్రాణరక్షకమని 1941లో ప్రకటించెను. అటుపిమ్మట బ్రిటిషు సైన్యమున వార్తాహరులకు అది విధియైనది. తగిన హెల్మెట్టు ధరించినచో మరణభయము నూటికి సుమారు 40 వంతులు తగ్గునని పరిశోధకులు తేల్చిరి. అయితే అది తలపై నుండవలెను, గడ్డము క్రింద పట్టీ బిగించి యుండవలెను, ఐ.ఎస్.ఐ. ముద్ర గలదై యుండవలెను. మన పాఠశాల ద్వారమువద్ద ఉదయము నిలిచి చూచినవారికి హెల్మెట్టు మోచేతికి తగిలించుకొనియో, పెట్రోలు ట్యాంకుపై నుంచుకొనియో వచ్చు తండ్రులు కనబడుదురు. మోచేతికి మెదడు లేదు గదా! తండ్రి తలపై హెల్మెట్టుండి, వెనుక కూర్చున్న బిడ్డ తల బోసిగ నుండుటయు కనబడును. ఎవరి తల ఎక్కువ మెత్తనిదో తల్లిదండ్రులే యోచింతురు గాక. వెనుక ప్రక్కగా కూర్చుండు తల్లులు చీరచెరగు చక్రమున చిక్కుకొనకుండ నడుమునకు చుట్టుకొనుటయు, చక్రమునకు చీర రక్షణ కమ్మి యున్నదో లేదో చూచుకొనుటయు మంచిది.

చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో తెలిసికొందము. ఇప్పటి మోటారు వాహనముల చట్టము 1988వ సంవత్సరపుది. అది 2019లో సవరింపబడినది. దాని ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారు మోటారు వాహనమును నడుపరాదు. 50 సి.సి. మించని యంత్రము గల మోటారు సైకిలును మాత్రము పదునారేండ్లు నిండినవారు లైసెన్సు పొంది నడుపవచ్చును. మన యిండ్లలో నుండు స్కూటర్లలోను మోటారు సైకిళ్ళలోను పెక్కింటి యంత్రము 100 సి.సి. గాని అంతకు మించి గాని యుండును. కావున తొమ్మిదవ, పదవ తరగతి బాలుని చేతికి తాళపుచెవి యిచ్చుట చట్టవిరుద్ధము. అట్టి బాలుడు నేరము చేసినచో, తనకు తెలియదనియో తాను తగు జాగ్రత్త తీసికొంటిననియో ఋజువు చేసికొనలేని తండ్రికి గాని, వాహన యజమానికి గాని మూడేండ్ల వరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జుల్మానాయు కలవు. వాహనము యొక్క రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు వచ్చు వరకు లైసెన్సు లభింపదు. ద్విచక్రవాహనముపై నడపువాడు గాక మరియొక్కరే కూర్చుండవలెను. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెట్టు విధి. అంతకు చిన్నవారిని తీసికొని పోవునపుడు బిడ్డకు తగిన రక్షణపట్టీయు, చిన్న హెల్మెట్టును ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరి 15వ తేదీనుండి నియమము అమలులోనికి వచ్చినది. జుల్మానా కట్టిన సొమ్మును మరల సంపాదింపవచ్చును. పోయిన బిడ్డను సంపాదింపజాలము.

ఇక కాలినడకను వచ్చు పిల్లల మాట. ప్రక్కబాట లేని రోడ్డుపై కుడివైపున, ఎదుట వచ్చు బండ్లు కంటికి కనబడునట్లు నడువవలెను. నిలిచియున్న బస్సునకు ముందునుండి రోడ్డు దాటరాదు; బస్సు వెడలిన పిమ్మట ఇరువైపుల చూచి దాటవలెను. చిన్నవారిని పెద్దవారు చేయి పట్టుకొని నడపించునపుడు, బిడ్డను బండ్లు పోవు ప్రక్కన గాక లోప్రక్కన నుంచుకొనవలెను. బస్సు మెట్లపై వ్రేలాడుట శౌర్యమని కొందరు బాలురు తలంచుచున్నారు; అది శౌర్యము కాదు, మౌఢ్యము. కోతల కాలమున కంకులను రోడ్డుపై పరచి బండ్లచే త్రొక్కించుట మన ప్రాంతమున అలవాటు. గడ్డిపై ద్విచక్రవాహనముల చక్రములు జారును. చీకటిలో ధాన్యపు రాశియు, దానికి కాపుంచిన రాళ్ళును కనబడవు. రైతులైన తల్లిదండ్రులు ఈ యలవాటును మానుట మేలు. ట్రాక్టరు ట్రెయిలరునకును ఎడ్లబండికిని వెనుక ఎఱ్ఱని మెరుపు బిళ్ళలు అతికించినచో రాత్రివేళ ఎన్నో ప్రాణములు దక్కును.

రోడ్డు గుర్తుల విషయమున భాషాల్పసంఖ్యాకులమైన మనకొక సౌకర్యము కలదు. ఆ గుర్తులకు భాషతో పని లేదు. గుండ్రని గుర్తు ఆజ్ఞ, త్రికోణము హెచ్చరిక, నీలవర్ణపు చతురస్రమో దీర్ఘచతురస్రమో సమాచారము. ఈ మూడింటిని తెలిసినవాడు మేల్పాడిలోను, చిత్తూరులోను, కాశిలోను కూడ చదువరియే. కాని వ్రాతతో నుండు పలకలు తమిళమున నుండును. "మెదువాగ" అనగా మెల్లగా. "వేగత్తడై" అనగా వేగమును తగ్గించుటకు రోడ్డుపై కట్టిన మెరక. "పళ్ళి" అనగా పాఠశాల. మన పిల్లలు బడిలో తమిళమును నేర్చుచునే యున్నారు. ఇంటిలో తమిళము చదువనేరని తాతయ్యలకు, అమ్మమ్మలకు ఈ మాటలను వారే చదివి వినిపింతురు గాక. మాతృభాషపై మమతయు, ఇరుగుపొరుగు భాషయెడ ఆదరమును రెండును కలసియే మనలను కాపాడును.

పాఠశాల బస్సులు, వ్యానుల మాట చెప్పక తప్పదు. 2012 జూలై నెలలో చెన్నై శివారున ఒక బడి బస్సు అడుగుపలకలోని రంధ్రమునుండి రెండవ తరగతి బాలిక జారిపడి, ఆ బస్సు చక్రము క్రిందనే మరణించెను. దాని ఫలితముగ తమిళనాడు ప్రభుత్వమువారు ఆ యేడే బడి బస్సులకు ప్రత్యేక నియమములను చేసిరి. 2014 జూలై 24వ తేదీన మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద కాపలా లేని రైలు గేటు దాటుచుండిన బడి బస్సును రైలు ఢీకొన, పదిమందికి పైగా బిడ్డలు చనిపోయిరి. 2025 జూలై 8వ తేదీన మన రాష్ట్రముననే కడలూరు సమీపమున సెమ్మంకుప్పము గేటువద్ద బడి వ్యానును రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించిరి. కావున బిడ్డను వ్యానులో పంపు తల్లిదండ్రులు నెలకొకమారైనను దానిని స్వయముగ చూడవలెను. అడుగుపలక గట్టిగ నున్నదా? తలుపు సరిగ పడుచున్నదా? సహాయకుడున్నాడా? ఎంతమంది పిల్లల నెక్కించుచున్నారు? డ్రైవరు సెల్ ఫోనులో మాటలాడుచు నడపుచున్నాడా? ఈ ప్రశ్నలు వేయుట తగవులాట కాదు, మన హక్కు.

డ్రైవరునెడ మన ధర్మమును కొంత కలదు. 1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము డ్రైవరునకు దినమున కెనిమిది గంటల పనిని నిర్ణయించినది. మనము పెండ్లికో, తిరుపతి యాత్రకో వ్యాను మాట్లాడుకొని, పగలంతయు త్రిప్పి, రాత్రియంతయు మరల నడపుమందుము. పెండ్లివారందరు భోజనము చేసి నిద్రింతురు; డ్రైవరు బండిలోనే కునుకు తీయును. తెల్లవారుజామున అతని రెప్ప ఒక్క క్షణము వాలినచో, లోనున్న పదునైదుమంది గతి యేమి? అతనికి మొదటి పంక్తిలో అన్నము పెట్టి, పడుకొనుటకు చాప యిచ్చి, నాలుగు గంటలు నిద్రింపనిచ్చి బయలుదేరుట పుణ్యమును, క్షేమమును గూడ.

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. అపుడు చేయవలసినది 108కి ఫోను చేయుట. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున ప్రారంభమై, 2008లో తమిళనాడునకు వచ్చినది. గాయపడినవానికి తోడ్పడినవారిని వేధింపరాదని సుప్రీముకోర్టువారు 2016లో ఆదేశించిరి. 2019 సవరణలో అది చట్టమైనది. కావున "మనకేల యీ తగవు" అని తప్పుకొనుట కిపుడు కారణము లేదు. ప్రమాదము జరిగిన తొలి 48 గంటల చికిత్సను ఉచితముగ నిచ్చు పథకమును తమిళనాడు ప్రభుత్వమువారు 2021 డిసెంబరులో ప్రారంభించిరి. పొరుగు రాష్ట్రమువారికిని అది వర్తించును.

మన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలుండెను. 1954 జనవరిలో ఆమె పోవుచుండిన మోటారుబండి బోల్తాపడి, వెన్నెముకకు దెబ్బ తగిలి, నడుము క్రింది భాగము చచ్చుపడెను. ఆమె చక్రపుకుర్చీలో కూర్చుండియే డాక్టరు పాల్ బ్రాండువద్ద శస్త్రచికిత్స నేర్చి, కుష్ఠరోగుల చేతులను చక్కబరచెను. తరువాత విదేశములలో శిక్షణ పొంది, తనవంటి వారికొరకు 1966లో వేలూరున పునరావాస సంస్థను నెలకొల్పెను. 1972లో పద్మశ్రీ బిరుదము నందెను. ఆమె ధైర్యము వందనీయము. కాని ఆ సంస్థలో చికిత్స పొందు ప్రతి యువకుడును తిరిగి లేచి నడువజాలడు. అటువంటి ధైర్యము మన బిడ్డకు అవసరము కాకుండ చేయుటయే మన విధి.

కడపట తల్లిదండ్రులకు మూడు మనవులు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు బండి తాళపుచెవి ఇయ్యకుడు. బిడ్డను వెనుక నెక్కించుకొన్నపుడు ఆ బిడ్డ తలకును హెల్మెట్టు పెట్టుడు. ఉదయము పది నిమిషములు ముందుగ బయలుదేరుడు. ఆలస్యముగ వచ్చిన విద్యార్థిని ఏ ఉపాధ్యాయుడైనను ఆ దినమునకు మందలించి తరగతిలోనికి రానిచ్చును. పిల్లలు పెద్దల మాటను వినుటకంటె పెద్దల నడతను చూచి నేర్చుట యెక్కువ. తండ్రి ఎఱ్ఱదీపమువద్ద ఆగినచో, బిడ్డకు వేరుగ పాఠము చెప్పనక్కరలేదు.