వినకుండా తీర్పా?

కావ్యం చదవకుండా కవిని విమర్శించరాదని ఏటా క్లాసులో చెబుతూ ఉంటాను. మొన్న వేసవిలో మా అబ్బాయి ఆ మాట నాకే అప్పజెప్పాడు. వాడు మేడమీద పెట్టిన పాటకు కిటికీ తలుపులు దడదడలాడుతుంటే, “ఇది సంగీతమా, సీతాఫల్‌మండి స్టేషనులో గూడ్సుబండి పోతున్నదా?” అన్నాను. “నాన్నా, ఒక్కటైనా మొదటినుంచి చివరిదాకా విన్నారా?” అన్నాడు. వినలేదు. ఆ తరువాత రెండు వారాలు మా ఇద్దరికీ మాటలు లేవు. చివరకు వాడే ఆరు ఆల్బముల పేర్లు కాగితం మీద రాసి నా బల్లమీద పెట్టాడు. రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్కటే విన్నాను. నాకు తోచింది తోచినట్లు రాస్తున్నాను.

పేరనాయిడ్ (1970): మెటల్ సంగీతానికి ఆదిపర్వం వంటిదట. బ్లాక్ సబ్బాత్ అనే బర్మింగ్‌హాం దళం వారిది. ఇందులో గిటారు వాయించిన టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పని మానుకుంటున్న చివరి రోజునే యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం మనిషికి తీగలు నొక్కేవి ఆ వేళ్ళే గదా! ప్లాస్టిక్ సీసా కరగించి తొడుగులు చేసుకున్నాడు. గొంతు నాకు పట్టలేదు గాని, ఆ వేళ్ళకు నమస్కారం పెట్టాను.

స్టేట్స్ ఆఫ్ కేయాస్ (2021): ఇదీ మెటలే. దళం మన హైదరాబాదుదే, పేరు గాడ్‌లెస్. మా అమ్మ ఆ పేరుకు అర్థం అడిగితే మాట దాటవేశాను. ఆ గర్జనలో ఒక్క మాట తెలిస్తే ఒట్టు! డ్రమ్ముల వేగం, లెక్క మాత్రం మృదంగం వినే చెవికి కూడా ఆశ్చర్యమే. ఒకసారి విన్నాను, చాలు.

ఆబీ రోడ్ (1969): బీటిల్సు రాక్ సంగీతం. రెండోవైపున చిన్న చిన్న పాటలను రాగమాలికలా గుచ్చారు. అప్పటికే వాళ్ళలో వాళ్ళకు పడటం లేదు. అయినా ఆ మాల చివర ముగ్గురు మిత్రులు వంతులవారీగా గిటారు అందుకుని, ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పినట్లు వాయించారు. మరుసటి ఏడు విడిపోయారు. ఆ రాత్రి మేడమీద దీపం వెలుగుతూనే ఉన్నది. పైకి వెళ్ళి పలకరిద్దామనుకున్నాను, వెళ్ళలేదు.

ఎ లవ్ సుప్రీమ్ (1965): జాజ్. జాన్ కోల్ట్రేన్ తన శాక్సఫోనుతో దేవునికి చేసుకున్న నివేదన. నాలుగో భాగంలో తాను రాసుకున్న ప్రార్థనాగీతాన్ని నోటితో గాక వాద్యంతోనే మాట మాటగా చదివాడు. పద్యం రాగయుక్తంగా చదవటం ఎరిగిన మనకిది కొత్త గాదు. రవిశంకర్ మీద గౌరవంతో కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నాడట ఈయన. అన్నిటిలో నాకు నచ్చినది ఇదే.

ది బిలీవర్ (2000): జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజిర, మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్. పడమటి జాజ్ పద్ధతి, మన కచేరీ పద్ధతి ఒకే పంక్తిలో కూర్చున్నాయి. శ్రీనివాస్ 2014లో నలభైఅయిదో యేట పోయాడని తలచుకుంటూ రెండు రాత్రులు విన్నాను.

డ్యామ్ (2017): కెండ్రిక్ లామార్ హిప్ హాప్. 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. బూతులున్నాయి. అమ్మకు వినబడకుండా తలుపు వేశాను. కాని ప్రాస! మన ప్రాస రెండో అక్షరం మీద నిలిస్తే, ఇతనికి పాదం మధ్యన, చివర, ఎక్కడ పడితే అక్కడే. ఆశువుగా చెప్పే అవధాని గుర్తుకు వచ్చాడు.

చివరి పాటలో ఒక కథ ఉన్నది. కవి తండ్రి కోడిమాంసం వేపుడు అమ్మే దుకాణంలో పని. దాన్ని దోచుకోవచ్చునన్న కుర్రవాడిని పసిగట్టి, డబ్బు తీసుకోకుండానే ముక్కలు వేసి మంచి చేసుకున్నాడు. దానితో ప్రాణం దక్కించుకున్నాడు. ఏళ్ళ తరువాత ఆ కుర్రవాడే ఈ కవి పాటలు వెలువరించిన కంపెనీకి అధిపతి అయ్యాడు. ఆనాడు తండ్రి పోయి ఉంటే కొడుకు గతి ఏమయ్యేదన్నదే పాట.

ఆ యాస నాకు సగమే తెలిసింది. మేడెక్కి, “ఈ పాటకు కాస్త అర్థం చెప్పరా” అన్నాను. వాడు మంచంమీద చోటిచ్చి, పాట ఆపి ఆపి చెప్పాడు. కిందికి దిగేసరికి పన్నెండు కావచ్చింది.

ఇప్పుడు వంతు నాది. వాడు వినవలసిన కాగితం రాస్తున్నాను. మొదటి పేరు ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు. వినకుండా తీర్పు చెప్పకూడదనే నియమం వాడికీ వర్తిస్తుంది గదా!