పాత ట్యాంకులో కొత్త ఇసుక

ఉప్పునీటి అక్వేరియం అడుగున పరిచిన ఇసుక కాలం గడిచేకొద్దీ తరిగిపోతుంది. నీళ్లు మార్చిన ప్రతిసారీ సైఫన్ గొట్టం వెంట కొంత బయటికి పోతుంది. పంపుల ధాటికి ఒకచోట గుంటపడి మరోచోట మేట వేస్తుంది. పైగా ఈ ట్యాంకుల్లో ఎక్కువగా వాడే అరగొనైట్ ఇసుక కాల్షియం కార్బొనేటే. పొర లోపలి బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల అక్కడ పీహెచ్ తగ్గి, గింజలు మెల్లగా కరుగుతాయి. కొన్నేళ్లకు అక్కడక్కడ అడుగు గాజు బయటపడితే కొత్త ఇసుక వేయక తప్పదు. ఖాళీ ట్యాంకులో ఈ పని తేలికే. చేపలూ పగడాలూ బతుకుతున్న ట్యాంకులో మాత్రం నిదానం కావాలి.

పొరలోని ప్రాణం

పాత ఇసుక నిండా జీవం ఉంటుంది. ఆక్సిజన్ అందే పై పొరలో గింజలకు అంటుకుని ఉన్న బ్యాక్టీరియా, చేపల విసర్జనలోని అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి పొరల్లో మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. సన్నటి పురుగులు, రొయ్య జాతి సూక్ష్మజీవులు, నత్తలు ఇసుకను కలియదిప్పుతూ మిగిలిన మేతను తినేస్తాయి.

దీనిపై ఒకేసారి మందంగా ఇసుక పోస్తే నిన్నటి పై పొరకు ఆక్సిజన్ అందదు. అందులోని జీవులు చచ్చి కుళ్లితే అమోనియా పుడుతుంది. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 వరకు ఉంటుంది కాబట్టి, పీహెచ్ 7 దగ్గరుండే మంచినీటి ట్యాంకులో కంటే ఇక్కడ అంతే అమోనియా ఎక్కువ విషమవుతుంది. అందుకే ఎంత ఇసుక వేశామన్నదానికంటే ఎంత నెమ్మదిగా వేశామన్నదే ముఖ్యం.

ఏ ఇసుక, ఎంత?

సాధారణ ట్యాంకుకు 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ నప్పుతుంది. అర మిల్లీమీటరు కంటే సన్నని ఇసుక పంపుల ధాటికి లేచిపోతుంది. మరీ ముతకదైతే సందుల్లో మడ్డి పేరుకుంటుంది. కొత్తది పాత ఇసుక సైజులోనే ఉండటం మేలు. లేకపోతే సన్న గింజలు ముతక గింజల సందుల్లోంచి కిందికి జారిపోతాయి.

సముద్రతీరం దగ్గర ఉండేవారికి బీచ్ ఇసుక తెచ్చి వేయాలనిపించవచ్చు. అది వద్దు. విశాఖపట్నం, భీమిలి తీరాల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలున్నాయి. ఇల్మెనైట్‌ను బలమైన అయస్కాంతం లాగుతుంది. గాజు తుడిచే అయస్కాంతపు బ్రష్ కింద అలాంటి గింజ ఒక్కటి ఇరుక్కున్నా గాజుపై గీత పడుతుంది. నగరాల మురుగు కలిసే తీరమైతే కాలుష్యం అదనం. పగడపు ముక్కలు ఏరి తేవడం అసలే కూడదు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.

మొత్తం పొర 3 నుంచి 5 సెంటీమీటర్లుంటే చాలు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పున్న ట్యాంకులో 2 సెంటీమీటర్లు పెంచడానికి దాదాపు 11 లీటర్ల ఇసుక పడుతుంది. బరువులో ఇది సుమారు 16 కిలోలు. దీన్ని ఒక్కరోజులో వేయకూడదు. ఒకసారికి అడుగు భాగంలో మూడో వంతు మేర, సెంటీమీటరు మందాన వేసి, వారం ఆగి మరో భాగం చేపట్టాలి.

కడగడం, పోయడం

పొడి ఇసుకను బకెట్‌లో వేసి, నీళ్లు పోసి, చేత్తో అడుగుదాకా కలియబెట్టి వంపేయాలి. మొదట్లో నీళ్లు బియ్యం కడుగులా తెల్లగా వస్తాయి. అవి తేటపడేదాకా కడిగి, చివరిసారి ఆర్‌ఓ నీటితో కడిగితే కుళాయి నీటి క్లోరిన్ మిగలదు. తర్వాత ఒక రాత్రి ఉప్పునీటిలో నాననిస్తే గింజలకు అంటిన గాలి బుడగలు పోతాయి. తడిగా ప్యాక్ చేసి అమ్మే లైవ్ శాండ్‌ను ఇలా కడిగితే దానిలోని బ్యాక్టీరియా పోతుంది. అయితే ప్యాకెట్ విప్పగానే కుళ్లు వాసన వస్తే దాన్ని వాడకూడదు.

వేయబోయే చోట పైపైన పేరుకున్న మడ్డిని ముందుగా సైఫన్‌తో తీసేయాలి. లోతైన పాత పొరను మాత్రం కెలకకూడదు. నల్లబడిన లోపలి ఇసుకలో కుళ్లిన గుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు. అది చేపలకు ప్రాణాంతకం.

ఇసుక పడితే నీటిమట్టం పెరుగుతుంది కాబట్టి ముందే పదో వంతు నీళ్లు తీసి, పంపులు, స్కిమ్మర్ ఆపేయాలి. వెడల్పాటి పీవీసీ పైపుకు పైన గరాటు అమర్చి, కింది కొసను పాత ఇసుకకు వేలెడు ఎత్తులో పట్టుకుని, గ్లాసుడు గ్లాసుడుగా ఇసుక జారవిడవాలి. పైపును మెల్లగా జరుపుతూ పోతే నీళ్లు పెద్దగా మసకబారవు. ఇసుకలో దాక్కునే చేపలు ఎక్కడున్నాయో చూసుకుని ఆ చోటు వదిలేయాలి. పగడాలపై పడ్డ గింజలను సిరంజితో నీళ్లు చిమ్మి వెంటనే తొలగించాలి. ఇసుక కింద ఉండిపోయిన పగడపు కణజాలం చచ్చిపోతుంది.

అరగంటకు పంపులు నెమ్మదిగా తిప్పి, ఫిల్టర్‌లో కొత్త దూది పెట్టాలి. మర్నాడు దాన్ని మార్చాలి. మసక సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

ఆ తర్వాత

వారంపాటు రోజూ అమోనియా, నైట్రైట్ పరీక్షించాలి. అమోనియా కనిపిస్తే నాలుగో వంతు నీళ్లు మార్చి, అది సున్నాకు దిగేదాకా తర్వాతి విడత ఆపేయాలి. కొత్త అరగొనైట్ గింజలు నీటిలోని ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలంపై పట్టుకుంటాయి. వాటిపై కాల్షియం కార్బొనేట్ పేరుకుని ఆల్కలినిటీ కూడా కొద్దిగా పడిపోవచ్చు. కాబట్టి పగడాలున్న ట్యాంకులో ఈ రెండూ చూసుకోవాలి. కొత్త ఇసుకపై గోధుమరంగు డయాటమ్ పొర రావడం మామూలే. కొన్ని వారాల్లో అదే పోతుంది.

పాత పొరలోంచి గుప్పెడు ఇసుక తీసి కొత్తదానిపై చల్లితే జీవులు త్వరగా విస్తరిస్తాయి. ఇసుక మళ్లీ మళ్లీ తరగకుండా ఉండాలంటే పంపుల ముఖం అడుగువైపు కాకుండా పైకి తిప్పాలి. సైఫన్‌ను ఇసుకలో గుచ్చకుండా పైపైనే నడపాలి.