వజ్రానికి పసుపు ఎక్కడిది?

ఒరే నాన్నా, నిశ్చితార్థం ఉంగరం గురించి నువ్వు మంచి ప్రశ్న అడిగావు. షాపులో ఒకే సైజు రాళ్లు రెండు చూపించారన్నావు. ఒకదాని సర్టిఫికెట్ మీద రంగు ‘ఇ’ అని, రెండోదాని మీద ‘హెచ్’ అని ఉందిట. ధరలో మాత్రం బోలెడు తేడా. "కంటికి రెండూ తెల్లగానే ఉన్నాయి తాతయ్యా, ఈ అక్షరాలకి అంత డబ్బు పొయ్యాలా?" అన్నావు. పొయ్యక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెబుతాను. వింటే ఏ రాయి కొనాలో నీకే తేలిపోతుంది.

ముందు ఆ అక్షరాల సంగతి. అమెరికాలో జీఐఏ అనే రత్నశాస్త్ర సంస్థ 1931లో మొదలైంది. 1950ల మొదట్లో రిచర్డ్ లిడికోట్ అనే ఆయన ఆధ్వర్యంలో వాళ్లు వజ్రం రంగుకి ఈ మెట్లు ఏర్పాటు చేశారు. అంతకుముందు ఏ వ్యాపారి లెక్క ఆ వ్యాపారిదే. ఒకరు ఎ, బి, సి అనేవారు. ఇంకొకరు డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనేవారు. మరొకరు అంకెలు వేసేవారు. ఆ పాత లెక్కలతో కలిసిపోకూడదని కొత్త పద్ధతిని ఏకంగా ‘డి’తో మొదలుపెట్టారు. డి, ఇ, ఎఫ్ రంగు లేనివి. జి, హెచ్, ఐ, జె దాదాపు రంగు లేనివి. కె, ఎల్, ఎమ్ దగ్గరికొచ్చేసరికి పసుపు ఛాయ కొద్దిగా తెలుస్తుంది. అక్కణ్ణించి జెడ్ దాకా అది మెట్టు మెట్టుకీ పెరుగుతుంది. జెడ్ కూడా దాటితే ‘ఫ్యాన్సీ’ రంగు అంటారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. పసుపు ఎంత చిక్కగా ఉంటే రాయి అంత ఖరీదు.

ఇక్కడే ఓ క్షణం ఆగి ఆలోచించు. అదే పసుపు కొంచెం ఉంటే ధర తగ్గుతోంది, బాగా ఉంటే పెరుగుతోంది. అంటే ఈ అక్షరాలు అందాన్ని కొలవడం లేదు. అలాంటి రాయి ఎంత అరుదుగా దొరుకుతుందో కొలుస్తున్నాయి. నువ్వు కట్టే ఎక్కువ డబ్బు ఆ అరుదుతనానికే.

ఇంతకీ వజ్రానికి ఆ పసుపు ఎక్కణ్ణించి వచ్చింది? గాలిలో మనం నిత్యం పీలుస్తున్న నైట్రోజన్ నుంచే. వజ్రమంటే అచ్చంగా కార్బన్ కదా. భూమి లోపల నూటయాభై కిలోమీటర్లకి పైగా లోతున, మహా వేడిలో, మహా ఒత్తిడిలో, ఒక్కో కార్బన్ అణువు చుట్టూ ఉన్న నాలుగు అణువులతో బిగుసుకుని ఆ స్ఫటికం పెరుగుతుంది. మూలకాల పట్టికలో కార్బన్ ఆరోది, నైట్రోజన్ ఏడోది. పక్కపక్కనే ఉన్నాయి కనుక అణువుల సైజు కూడా దగ్గర దగ్గరగా ఉంటుంది. అందుకని స్ఫటికం పెరిగేటప్పుడు అక్కడక్కడ కార్బన్ కూర్చోవలసిన చోట నైట్రోజన్ కూర్చుంటుంది.

అలా విడివిడిగా కూర్చున్న నైట్రోజన్ అణువులు కాంతిలోని నీలాన్ని గట్టిగా పీల్చేస్తాయి. మిగిలిన కాంతి మన కంటికి చిక్కటి పసుపుగా కనిపిస్తుంది. అయితే సహజ వజ్రాలు ఆ లోతుల్లో వందల కోట్ల ఏళ్లు ఉండిపోతాయి. ఆ వేడికి నైట్రోజన్ అణువులు మెల్లమెల్లగా చోటు మారతాయి. రెండేసి జత కడతాయి. ఇంకా కాలం గడిస్తే ఒక ఖాళీ స్థానం చుట్టూ నాలుగేసి చేరతాయి. ఈ జతలూ, నాలుగేసి గుంపులూ మన కంటికి కనిపించే కాంతి జోలికి పోవు. అంటే కాలమే ఆ పసుపుని చాలావరకు తీసేస్తుంది! కాకపోతే ఆ క్రమంలో కొన్నిచోట్ల ఖాళీ చుట్టూ మూడేసి నైట్రోజన్ అణువులు మిగిలిపోతాయి. ఆ ముగ్గురి గుంపు 415 నానోమీటర్ల దగ్గర ఊదా కాంతిని పీలుస్తుంది. సర్టిఫికెట్ మీద హెచ్, ఐ, జె అని కనిపించే లేత పసుపులో ఎక్కువ భాగం దాని పనే. తొంభై అయిదు శాతానికి పైగా సహజ వజ్రాలు ఇలా నైట్రోజన్ గుంపులు కట్టినవే. కాబట్టి నువ్వు చూసిన హెచ్ రాయిలో లోపమేమీ లేదు. ఆ కాస్త ఛాయ దాని పుట్టుక, వయసు చెప్పే గుర్తు.

మరి నైట్రోజన్ దాదాపు లేని వజ్రాలు లేవా అంటే, ఉన్నాయి. నూటికి ఒకటో రెండో. వాటిని ‘టైప్ టూ-ఎ’ అంటారు. గోల్కొండ వజ్రాలని లోకం నేటికీ చెప్పుకునేది అందుకే. కోహినూర్ ఆ రకమే. గోల్కొండలో జరిగింది బేరమే గానీ, గనులు కృష్ణా తీరాన, పల్నాడులోని కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారెట్ల నీలి హోప్ వజ్రం కూడా కొల్లూరు రాయే అంటారు. దాంట్లో నైట్రోజన్ బదులు రవ్వంత బోరాన్ చేరింది. నీలం దాని చలవే.

పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఈ గనులకి వచ్చి, మనవాళ్లు రాయి చూసే తీరు రాసిపెట్టాడు. యూరపులో పగటి వెలుతురులో చూస్తారు, ఇక్కడ రాత్రిపూట చూస్తారన్నాడు. గోడలో అడుగు చదరాన గూడు తొలిచి, అందులో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని ఆ వెలుగులో రంగూ శుభ్రతా నిర్ణయించేవారట. నీలి ఛాయ ఉందేమో తేల్చుకోవాలంటే మాత్రం గుబురుగా ఆకులున్న చెట్టు కిందికి తీసుకెళ్లి ఆ పచ్చటి నీడలో చూడాలని రాశాడు. ఏ వెలుతురులో చూస్తున్నామన్నది ఎంత ముఖ్యమో మూడున్నర శతాబ్దాల కిందటే వాళ్లకి తెలుసన్నమాట.

ఇప్పుడు ల్యాబులో గ్రేడు ఎలా వేస్తారో చూద్దాం. నువ్వు తెలుసుకోవలసిన అసలు కీలకం ఇక్కడుంది. రాయిని ఉంగరంలో కనిపించేలా పెట్టరు. తలకిందులుగా, అంటే పైన ఉండే చదును ముఖాన్ని కిందికి ఆనించి తెల్లటి గూట్లో పెడతారు. పగటి వెలుతురుని పోలిన దీపం వేస్తారు. పక్కన రంగు ముందే తేల్చిన నమూనా రాళ్లు వరసగా ఉంటాయి. రాయిని పక్కనుంచి చూస్తూ, ఏ నమూనాకి దగ్గరగా ఉందో ఒకరికి మించి నిపుణులు విడివిడిగా చెబుతారు. ఇంత కష్టం ఎందుకంటే, రాయి నిటారుగా ఉంటే దాని మెరుపు రంగుని కప్పేస్తుంది. ఆ మెరుపుని తప్పించుకోవడానికే బోర్లించి చూస్తారు. మరి నీ కాబోయే భార్య తన వేలి ఉంగరాన్ని బోర్లించి, పక్కన నమూనాలు పెట్టుకుని చూడదు కదా!

ఆ మెరుపు సాన వల్ల వస్తుంది. వజ్రం వక్రీభవన గుణకం 2.42. అంత ఎక్కువ కనుక లోపలికెళ్లిన కాంతి ముఖాన్ని సుమారు ఇరవై నాలుగు డిగ్రీల కోణం దాటి తాకితే బయటికి పోలేక లోపలికే తిరుగుతుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కలు కట్టి, ఏ కోణాలలో సానపడితే పైనుంచి దిగిన కాంతి మళ్లీ పైకే వస్తుందో చూపించాడు. కోణాలు కుదిరిన రాయి వెలుగుని కంటికి తిప్పి కొడుతుంది. ఆ తళుకులో హెచ్‌లోని పసుపు కలిసిపోతుంది. కోణాలు తప్పితే కాంతి అడుగునుంచో పక్కనుంచో జారిపోతుంది. అప్పుడది ‘డి’ రంగైనా మసకగానే ఉంటుంది. కనుక రంగులో రెండు మూడు మెట్లు దిగి, ఆ మిగిలిన డబ్బు మంచి సానకి పెట్టు. రౌండ్ రాయి సర్టిఫికెట్ మీద ‘కట్’ అనే చోట ‘ఎక్సలెంట్’ ఉందో లేదో చూడు.

ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. రంగుని దాచడంలో రౌండ్‌ని మించింది లేదు. ఓవల్, పేర్ ఆకారాలలో కొసల దగ్గర పసుపు కాస్త పోగుపడి కనిపిస్తుంది. ఎమరాల్డ్ కట్ లాంటి పొడుగు ముఖాల సానలో రాయి లోపలంతా తేటగా కనిపిస్తుంది కనుక రంగూ తెలుస్తుంది. అవి కొంటే ఒక మెట్టు పైకెళ్లు. సైజు పెరిగినా అంతే. ముప్ఫై సెంట్ల (0.30 క్యారెట్) రాయిలో కంటికి ఆనని ఛాయ రెండు క్యారెట్ల రాయిలో ఆనుతుంది.

తరువాత లోహం. వజ్రం తన చుట్టూ ఉన్న రంగుని లోపలికి తీసుకుని చూపిస్తుంది. ప్లాటినం, తెల్ల బంగారం పక్కన పసుపు ఛాయ ఎత్తి చూపినట్టవుతుంది. అలా చేయిస్తే జి గానీ హెచ్ గానీ తీసుకో. మన పచ్చ బంగారంలో పొదిగితే ఆ పసుపే రాయిలో ప్రతిఫలిస్తుంది. అందులో డి రాయి పెట్టినా దాని తెలుపు నీకు దక్కదు. హాయిగా ఐ, జె తీసుకో. రాయిని పట్టి ఉంచే కొమ్ముల వరకు తెల్లలోహం, మిగతా ఉంగరం పచ్చ బంగారం పెట్టించడం కూడా ఉంది. అలా చేయిస్తే మాత్రం హెచ్ గానీ ఐ గానీ నప్పుతుంది.

సర్టిఫికెట్ మీద ‘ఫ్లోరసెన్స్’ అనే మాట కూడా చూడు. ఇందాక చెప్పిన మూడు నైట్రోజన్‌ల గుంపే అతినీలలోహిత కాంతి తగిలితే నీలంగా వెలుగుతుంది. ఎండలో ఆ కాంతి ఉంటుంది కనుక, ఐ, జె, కె రాళ్లలో ఆ నీలం పసుపుని కొంత మాపి రాయిని తెల్లగా చూపుతుంది. పసుపెక్కిన పంచెని మీ నాయనమ్మ నీలిమందులో జాడిస్తే తెల్లబడేది చూడు, పద్ధతి వేరైనా ఫలితం అలాంటిదే. ఇలాంటి రాళ్లు కాస్త తక్కువకే వస్తాయి. మరీ ఎక్కువ ఫ్లోరసెన్స్ ఉన్న వాటిలో కొన్ని పాలు కలిపినట్టు మబ్బుగా ఉంటాయి. కనుక బయటి వెలుతురులో చూశాకే తీసుకో.

చూడడం ఎలాగంటే, షాపులో పైనుంచి పడే స్పాట్‌లైట్ల కింద తేల్చుకోవద్దు. అక్కడ ప్రతి రాయీ మెరుస్తుంది. పొదగని విడి రాయిని కిటికీ దగ్గరికి, ఎండ నేరుగా పడని చోటికి తీసుకెళ్లు. మచ్చలేని తెల్ల కాగితం మధ్యకి మడిచి, ఆ మడతలో రెండు రాళ్లనీ పక్కపక్కన బోర్లించు. వాటి మీద ‘హా’ అని మెల్లగా ఊపిరి వదులు. ఆవిరి పట్టి మెరుపు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో పక్కనుంచి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. తరువాత తిరగేసి, చేతివేళ్ల మధ్య పెట్టుకుని, చెయ్యి చాపినంత దూరంలో చూడు. బోర్లించినప్పుడు తెలిసిన తేడా ఇప్పుడు కనిపించకపోతే, ఆ తేడాకి డబ్బు కట్టనక్కర్లేదు. ఈ పరీక్షకి ఆ అమ్మాయిని తీసుకెళ్లు. నా ఈడువాళ్లని వద్దు. వయసు పైబడిన కొద్దీ కంటిలోని కటకం పసుపెక్కి నీలి కాంతిని అడ్డుకుంటుంది. లేత పసుపుకీ తెలుపుకీ తేడా మా కళ్లకి సరిగ్గా అందదు.

షాపులో ‘ఇఎఫ్-వీవీఎస్’, ‘ఐజె-ఎస్ఐ’ అని రెండేసి రంగు అక్షరాలు కలిపి, పక్కన శుభ్రత గ్రేడు చేర్చి చెబుతారు. చిన్న రవ్వలు చాలా ఉన్న నగకి అది సరే. ఒంటి రాయి ఉంగరానికి మాత్రం రంగుకి ఒకే అక్షరం రాసిన సర్టిఫికెట్ అడుగు. పొదిగాక లోహం నీడ పడి రంగు కచ్చితంగా చెప్పడం కష్టం. జీఐఏ వాళ్లు విడి రాళ్లకే గ్రేడు వేస్తారు. రాయి నడుము మీద లేజరుతో చెక్కిన నంబరు ఉంటే, సర్టిఫికెట్ నంబరుతో భూతద్దంలో సరిచూసుకో. బంగారానికి హాల్‌మార్క్ ఎలాగూ చూస్తావు.

ల్యాబులో పెంచిన వజ్రం మాటేమిటంటావా? అదీ అచ్చమైన కార్బనే, గాజు కాదు. పెంచేటప్పుడు నైట్రోజన్‌ని రానివ్వకుండా చూసుకుంటారు కనుక డి, ఇ రంగులు కూడా చాలా తక్కువ ధరకి వస్తాయి. కాకపోతే తిరిగి అమ్మితే పెద్దగా రాదు. ఏది కావాలో మీరిద్దరూ కలిసి అనుకోండి. ఏది కొన్నా, అదేదో బిల్లు మీద స్పష్టంగా రాయించుకోండి.

కొన్నాక కూడా ఒక పని ఉంది. వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం. నీరు దాని మీద నిలవదు గానీ నూనె పట్టుకుంటుంది. దక్షిణాఫ్రికా గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద గనిమట్టిని నీళ్లతో పారించి, గ్రీజుకి అంటుకున్న వజ్రాలని ఏరుకునేవారు. వంటింట్లో నూనె, చేతి క్రీము రాయి అడుగున పేరుకుంటే కాంతి లోపలినుంచి సరిగ్గా తిరిగి రాదు. కడగని ‘డి’ కంటే కడిగిన ‘జె’ తెల్లగా కనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో వెనకవైపు రుద్దితే చాలు. సింకులో మాత్రం కడగొద్దు, గిన్నెలో కడగండి. ఏడాదికోసారి కొమ్ములు బిగుతుగా ఉన్నాయో లేదో కంసాలికి చూపించండి.

కాబట్టి నాన్నా, డబ్బు పెట్టే వరస ఇది: ముందు సాన, తరువాత లోహానికి తగ్గ రంగు, ఆ తరువాతే సైజు. సరిగ్గా అర క్యారెట్, ఒక క్యారెట్ దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది కనుక రెండు మూడు సెంట్లు తక్కువున్నది అడుగు, కంటికి తేడా తెలియదు. నువ్వు చూసిన రెండిటిలో హెచ్ రాయి సాన ‘ఎక్సలెంట్’ అయితే నిశ్చింతగా అదే తీసుకో. ఇ రాయికి కట్టబోయిన మిగతా డబ్బు మీ కొత్త కాపురానికి అక్కరకొస్తుంది.