గడి ఎంత? మొక్కలు ఎన్ని?

ఆదివారంనాడు హైదరాబాదులోని ఆబిడ్స్‌లో పేవ్‌మెంటుమీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. అక్కడ ఒక బారెడు మేర చూసి, ఎన్ని రకాల పుస్తకాలున్నవో లెక్కపెట్టండి. ఇరవై అనుకుందాం. మరొక బారెడు చూస్తే నలభై అవుతవా? కావు. చూసినవే మళ్ళీ కనిపిస్తవి, కొత్తవి కొన్నే చేరుతవి. అయినా నడిచినకొద్దీ ఏదో ఒక కొత్త పుస్తకం తగులుతూనే ఉంటుంది.

పచ్చికలో మొక్కల సంగతీ ఇంతే. ఆబిడ్స్‌నుంచి నాంపల్లి స్టేషను దాటి వెళితే పబ్లిక్ గార్డెన్సు వస్తుంది. అటువంటి చోట నాలుగు పుల్లలు, కొంత దారం తీసుకుని అర మీటరు భుజం గల గడి ఏర్పరచండి. అందులో గరిక, తుంగ, పులిచింత కనిపించవచ్చు. భుజాన్ని ఒక మీటరు చేయండి. భుజం రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లవుతుందని మీ లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు. కాని మొక్కల రకాలు నాలుగు రెట్లు కావు. ఒక గడ్డి చామంతి, ఒక రెడ్డివారి నానుబాలు చేరుతవేమో! గడి ఇంకా పెరిగి చెట్టు నీడనో, తడినేలనో తాకిందంటే, అక్కడే పెరిగే మొక్కలు లెక్కలోకి వస్తవి. పేరు తెలియని మొక్కకు ఆకు బొమ్మ వేసుకుంటే చాలు, పీకవద్దు.

ఇలా గడులు గీసి లెక్కపెట్టే పద్ధతిని 1898లో అమెరికాలోని నెబ్రాస్కా గడ్డిమైదానాలలో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనేవారు ఉపయోగించారు. (పౌండ్ తరువాత మొక్కలు వదిలి న్యాయశాస్త్రంలో పెద్ద పేరు సంపాదించాడు!) 1921లో స్వీడన్ దేశస్థుడు ఓలోఫ్ అర్హీనియస్, వైశాల్యం పెరిగితే రకాలు ఏ లెక్కన పెరుగుతవో ఒక సూత్రం ప్రకటించాడు. చాలాచోట్ల రకాలు రెట్టింపు కావాలంటే వైశాల్యం సుమారు పదహారు రెట్లు కావాలి.

ఇప్పుడొక ప్రశ్న. మొక్కల రకాలు ఎక్కువ ఉండేది అడవిలోనా, గడ్డినేలలోనా? అడవిలోనే అంటారు మీరు. కాని ఒక చదరపు మీటరులో ఎక్కువ రకాలు లెక్కకు వచ్చింది అర్జెంటీనాలోని ఒక కొండ పచ్చికలో: 89 రకాలు! అదే ఒక హెక్టారు తీసుకుంటే ఈక్వడార్ అడవిలో 942 రకాలు దొరికినవి. గడి మార్చగానే గెలుపు మారిపోయింది. పెద్ద చెట్టు ఒక్కటే మీటరు నేలను ఆక్రమిస్తుంది గదా!

మన మేతబీళ్ళ విషయంలో ఇది వట్టి వినోదం కాదు. గొర్రెలు పొడుగు గడ్డిని మేసేస్తే, వెలుతురు తగిలి చిన్న మొక్కలు లేస్తవి. చిన్న గడిలో రకాలు పెరిగినట్టు కనిపిస్తుంది. కాని గొర్రెలు ఇష్టంగా తినే మొక్కలు ఆ బీడు మొత్తంమీద మాయమైపోతూ ఉండవచ్చు. అది పెద్ద గడిలోగాని తెలియదు. నంద్యాల జిల్లాలో రోళ్ళపాడు గడ్డినేలలున్నవి. బట్టమేక పిట్టకోసం 1988లో వాటిని అభయారణ్యం చేశారు. అటువంటి చోట ఈ యేడు చిన్న గడితోనూ, వచ్చే యేడు పెద్ద గడితోనూ లెక్కపెడితే, నేల ఏమీ మారకపోయినా బాగుపడినట్టే తేలుతుంది!

అందుకే రాబర్ట్ విట్టేకర్ అనే శాస్త్రజ్ఞుడు 50 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల పెద్ద గడి గీసి, దాని లోపలనే చిన్న గడులు కూడా పెట్టాడు. ఒకే నేలను చిన్న కొలతతోనూ, పెద్ద కొలతతోనూ ఒకేసారి చూడవచ్చు. మీరు నోటుబుక్కులో రకాల సంఖ్య వేసేటప్పుడు, పక్కనే గడి భుజం ఎంతో కూడా వేసుకోండి.